నాయనమ్మ చీరకు నేను వేసిన ముడి

మా వీధి మలుపులో ఉన్న టైలరమ్మ తన కొట్టు ముందు ఈమధ్య కొత్త బోర్డు పెట్టింది. "పాత చీర తెండి, కొత్త గౌను తీసుకెళ్లండి" అని. పక్కనే ఒక బొమ్మకు పట్టుచీరతో కుట్టిన పొడుగు గౌను తొడిగింది. అంచు పాదాల చుట్టూ, కొంగు గుండెల మీద. జాకెట్లు తెచ్చుకుందామని వెళ్లినదాన్ని ఆ బొమ్మ ముందే నిలబడిపోయాను. "బాగుందా ఆంటీ? మీ బీరువాలో కట్టని చీరలుంటే తెండి, మనవరాలికి కుట్టిస్తా" అంది. లేవమ్మా అన్నాను. అబద్ధం, ఉన్నాయి. అబద్ధాలాడటం నాకు కొత్తేం కాదులెండి. పదమూడేళ్లకే ఆరితేరాను. జాకెట్ల సంగతి అడగడం కూడా మరిచిపోయి ఇంటికొచ్చేశాను.

అప్పుడు మేము ధూల్‌పేట్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. బాపు, అమ్మ, నాయనమ్మ, నేను. బాపు బస్సు డిపోలో మెకానిక్. ఎదురుగా వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్ల షెడ్డు. వానలు మొదలైన దగ్గర్నుంచి చవితి దాకా మా గల్లీ అంతా తడి మట్టి వాసన, గడ్డి వాసన, ఆఖరున రంగుల వాసన. మా ఇంట్లో అయితే దానికి తోడు మిషను నూనె వాసన కూడా.

అమ్మది చేత్తో తిప్పే కుట్టుమిషను. గచ్చు మీద బొంత పరుచుకుని, ఒక మోకాలు పైకి పెట్టుకుని కూర్చునేది. అమ్మ చేతిలో పడ్డ గుడ్డకు చావు లేదు. బాపు చొక్కా కాలరు చిరిగితే కుట్లు విప్పి, తిప్పి, లోపలి వైపును పైకి తెచ్చి మళ్లీ కుట్టేది. ఇంకో ఏడాది గడిచేది. చీర చిరిగితే నాకు లంగా, లంగా పొట్టిదైతే దిండు గలీబు, గలీబు చిరిగితే మసిగుడ్డ. పాత జాకెట్ల హుక్కులు, గుండీలు పౌడరు డబ్బాలో దాచేది. గుడ్డ మీద గీతలు గీయడానికి సుద్ద కొనేది కాదు, అరిగిపోయిన సబ్బు ముక్కతో గీసేది. అన్నీ పోగా మిగిలే చిన్న పీలికలు విగ్రహాల షెడ్డుకు పోయేవి, వాళ్లు కుంచెలు తుడుచుకోవడానికి.

ఆ ఏడు మా ఇంట్లో పెద్ద లొల్లి జరిగింది. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆవిడ గల్లీలోకి వచ్చింది. "పురానే కపడే, స్టీల్ కే బర్తన్" అని అరుచుకుంటూ. అమ్మ మూలకు పడి ఉన్న ఒక పాత బొంత ఇచ్చి తళతళలాడే స్టీలు బేసిను తీసుకుంది. ఎలుకలు కొరికిన బొంతే. కానీ దాని లోపలి పొరల్లో తాతయ్య ధోతులు ఉన్నాయి. ఆయన పోయిన ఏడాది నాయనమ్మే తన చేత్తో పెట్టి కుట్టుకుందట. ఆ సంగతి అమ్మకు తెలియదు.

నాయనమ్మ ఏడవలేదు, అరవలేదు. "నా పెనిమిటిని బేసినుకు అమ్మింది" అని ఒక్క మాట అని, ఆ రోజు నుంచి అమ్మతో మాట్లాడటం మానేసింది. అమ్మ రెండుసార్లు కాళ్లు పట్టుకోబోయింది. నాయనమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. చివరికి బాపు తీర్పు చెప్పాడు. "ఇగ నుంచి ఇయ్యదలిచిన బట్టకు ఎవరిది వాళ్లే కొసకు ముడేసి మిషను ఎనక గంపల ఎయ్యాలె. ముడి లేని బట్ట మీద కత్తెర పెట్టొద్దు, బర్తనామెకు ఇయ్యొద్దు. అయిపాయె. ఇగ మాట్లాడుకోండ్రి." ముడి పద్ధతి అయితే నిలిచింది గానీ మాటలు కలవలేదు.

వాళ్ల మధ్య మాటలు మోసే పని నాకు పడింది. రెండడుగుల దూరంలో కూర్చుని ఇద్దరూ నాతోనే మాట్లాడేవాళ్లు.

"పిల్లా, కూరల ఉప్పు ఎక్కువైందని మీ అమ్మకు చెప్పు."

"ఎక్కువైతే జర అన్నం ఎక్కువ కలుపుకోమని మీ నాయనమ్మకు చెప్పు."

నేను ఎక్కడ వీలైతే అక్కడ మాటలు మార్చేసేదాన్ని. నాయనమ్మ "మక్క కంకులు తెచ్చిన, ఉడకపెట్టుమను" అంటే, "కాల్చమన్నది" అని చెప్పేదాన్ని. నాకు కాల్చినవే ఇష్టం. ఇద్దరూ ఒకరినొకరు అడగరు కాబట్టి నా ఆటలు సాగాయి. నాకు ఆ పెత్తనం మస్తు మజాగా ఉండేది.

అదే వానాకాలంలో మ్యాక్సీలు వచ్చాయి. పాదాల దాకా పొడుగు, కింద కుచ్చులు, బుట్ట చేతులు. మా మేడ మీద గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆఫీసరు గారి కుటుంబం ఉండేది. వాళ్లమ్మాయి నా క్లాసే. దానికి గులాబి రంగు రెడీమేడ్ మ్యాక్సీ వచ్చింది. నాకేమో అమ్మ బాపు ఖాకీ ప్యాంటు విప్పి స్కర్టు కుట్టింది. ఎంత నీటుగా కుట్టిందో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది, జేబు కూడా పెట్టింది. ఆ రోజు మాత్రం ఆ మేడ మీద పిల్ల నలుగురిలో ముక్కు మూసుకుని, "ఏమే, మీ నాన్నగారి ప్యాంటా ఇది? గ్రీసు కంపు కొడుతోందే!" అంది. అందరూ ఒకటే నవ్వు.

ఇంటికొచ్చి స్కర్టు విప్పి అమ్మ ముందు విసిరికొట్టాను. "చవితికి అందరు మ్యాక్సీలు ఏసుకుంటున్నరు. నాకు మ్యాక్సీ కాకుంటే నేను మండపం కాడికే రాను" అన్నాను.

అమ్మకు కోపం రాలేదు. స్కర్టు తీసి మడత పెట్టింది. "కుట్టొస్తది బిడ్డా నాకు. గుడ్డేది? నా చీరలన్నీ పీలికలైనయి. మ్యాక్సీకి ఆరు గజాల గట్టి గుడ్డ కావాలె. గసువంటి చీర ఇంట్ల యాడున్నది చెప్పు" అంది.

ఉంది. ఒక్కటే ఉంది. నాయనమ్మ రేకుపెట్టెలో, వేపాకుల మధ్య. వంకాయ రంగు నారాయణపేట చీర, పసుపుపచ్చ అంచు.

ఆ చీర ఎందుకు దాచిందో నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు. అది వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మా వాళ్లలో ఆడమనిషి పోతే ముందు పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పాలి. ఆ తర్వాతే మిగతా బట్టలు. నాయనమ్మకు పుట్టింటి వైపు మిగిలింది ఒక్క తమ్ముడు. కిషన్‌బాగ్‌లో ఉండేవాడు, రాతిపని మేస్త్రీ. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. రాళ్ల దుమ్ముకు ఛాతీ చెడిపోయి దగ్గుతూ ఉండేవాడు. ఒక మధ్యాహ్నం పేపర్లో చుట్టిన చీర, నాకు రెండు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు.

"ఏందిరా, ఇయ్యాల పండుగ కూడ లేదు?" అంది నాయనమ్మ.

"నేనే ముందుగాల పోయేటట్టున్న అక్కా. గప్పుడు నీకు పుట్టింటి చీర ఎవరు తెస్తరు? గందుకే ఇప్పుడే తెచ్చిన. కట్టకు. దాచిపెట్టుకో."

నాయనమ్మ తమ్ముణ్ని నోటికొచ్చినట్టు తిట్టింది. తిడుతూనే పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. తిని, చేతులు కడుక్కుని, దగ్గుకుంటూ వెళ్లాడు. ఆరు నెలలకు పోయాడు. నేను ఆ బత్తాయిలు తింటూ ఆ మాటలన్నీ విన్నాను.

అయినా పదమూడేళ్ల బుర్ర ఎట్లా పనిచేస్తుందో చూడండి. నాయనమ్మ ఇప్పుడప్పుడే పోదు కదా అనుకున్నాను. చవితి ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఆమె పోయే నాటికి బాపు ఇంకో చీర కొంటాడులే అనుకున్నాను. పుట్టింటి చీర బాపు ఎట్లా కొంటాడు? ఆ ప్రశ్న నాకు రాలేదు. రానివ్వలేదు అంటే నిజం.

మధ్యాహ్నాలు నాయనమ్మ విగ్రహాల షెడ్డులో కూర్చుని వాళ్లకు గడ్డి ఏరిపెడుతూ ముచ్చట్లు చెప్పేది. ఆ వేళ చూసి పెట్టె తెరిచాను. పెట్టెకు తాళం లేదు. మా ఇంట్లో ఎవరు ముట్టుకుంటారని? చీర తీసి, కొంగు కొసకు ముడేసి, అమ్మ మిషను వెనక ఉన్న గంపలో, బాపు బనీన్ల కింద పెట్టాను. వేపాకులు ఒళ్లో రాలితే ఏరి మళ్లీ పెట్టెలో వేశాను.

మర్నాడు అమ్మ గంప తీసింది. చీర చేతిలోకి తీసుకుంది. ముడిని పట్టుకుని చూసింది.

"గిది పుట్టింటి చీర గద పిల్లా! గిది గంపలేసిందేంది? పోయి అడుగు. మనసుతోని ఇచ్చిందా, నా మీద కోపంతోని పడేసిందా అడుగు."

బయట వాకిట్లో నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అప్పుడైనా చెప్పొచ్చు. చీర తీసుకెళ్లి పెట్టెలో పెట్టేస్తే అయిపోయేది.

"ఏందే, గట్ల నిలబడ్డవ్?"

"ఏం లే. నీళ్లు కావాల్నా నాయనమ్మా?"

"వద్దు పో."

లోపలికొచ్చాను. "మనసుతోనే ఇచ్చిందట. మనుమరాలికి మ్యాక్సీ కుట్టుమన్నది. నీ మీద ఇగ కోపం లేదన్నది" అన్నాను. ఆ ఆఖరి మాట ఎవరూ అడగలేదు. అమ్మ ఇంకేమీ అడగకుండా ఉండాలని నేనే కలిపాను.

అమ్మ చీరను మొహానికి ఆనించుకుని ఏడ్చింది. అంత ఏడుపు నేను ఎదురుచూడలేదు. "బొంత ముచ్చట మనసుల పెట్టుకోలేదన్నట్టు... గింత పెద్ద మాటకు నేను పోయి కాళ్లు మొక్కాలె" అని లేవబోయింది.

"ఇప్పుడే వద్దంట! మ్యాక్సీ అయినంక చవితి నాడు చూస్తదంట. అప్పటిదాక తనకు చూపెట్టొద్దంట, ఆ ముచ్చట ఎత్తొద్దంట!"

అమ్మ నమ్మింది. ఎందుకు నమ్మదు? నమ్మాలని అంతగా ఉన్నప్పుడు.

రోజూ మధ్యాహ్నం నాయనమ్మ షెడ్డుకు వెళ్లగానే అమ్మ పని మొదలుపెట్టేది. మొదటి రోజు చీరను గచ్చు మీద పరిచి, కళ్లకద్దుకుని, నా పాత గౌను దాని మీద పెట్టి సబ్బు ముక్కతో గీసింది. కత్తెర పెట్టేముందు నన్ను చూసి నవ్వింది. గుడ్డ కోస్తున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. చాలు, ఆపు అనడానికి నోరు తెరిచాను కూడా. ఏమైంది అంది అమ్మ. కింద ఇంకో వరస కుచ్చులు పెట్టు అన్నాను.

అమ్మ తన జన్మలో అంత మంచి బట్ట ఇంకొకటి కుట్టలేదు. పసుపు అంచు విప్పి పాదాల దగ్గర, బుట్ట చేతుల చివర వేసింది. కొంగును గుండెల మీదికి తెచ్చింది. ఆ వారమంతా ఆమె మిషను తిప్పుతూ పాటలు పాడింది. ఒకరోజు మక్క గారెలు చేసి, ఉల్లిగడ్డ ముక్కలు పక్కన పెట్టి, "నాయనమ్మకు ఇచ్చిరా, ఏడివేడిగ తినుమను" అంది.

నాయనమ్మ పళ్లెం వంక అనుమానంగా చూసింది. "ఏందే, మీ అమ్మకు పానం మంచిగ లేదా ఏంది?" అంటూనే నాలుగు తింది. తిని, "మంచిగ చేసిందని చెప్పు" అంది. ఆ ఒక్క మాటను మాత్రం ఉన్నదున్నట్టు మోశాను.

చవితి పొద్దున తలంటు పోసుకుని మ్యాక్సీ వేసుకున్నాను. అద్దంలో చూసుకుంటే నేనేనా అనిపించింది. గల్లీలోకి పరుగెత్తబోతే మెట్టు మీద నాయనమ్మ కూర్చుని ఉంది. నేను కనబడకుండా తప్పించుకోవాలనుకున్నాను. కానీ ఉన్నది ఒక్కటే వాకిలి.

ముందు నవ్వింది. "ఓహో, దొరసాని లెక్కున్నవ్..." అంటూనే ఆగిపోయింది. చెయ్యి చాపి కింది అంచు పట్టుకుంది. బొటనవేలితో రెండుసార్లు రుద్దింది. లోపల పెట్టె ఉన్న వైపు ఒకసారి చూసింది, మళ్లీ నన్ను చూసింది. ఇప్పుడు అరుస్తుంది, గల్లీ అంతా పోగవుతుంది అనుకున్నాను.

అంతలో అమ్మ వచ్చింది. వచ్చి నాయనమ్మ కాళ్ల మీద పడిపోయింది. "అత్తమ్మా, గింత పెద్ద మనసు చేసుకుంటివి. తమ్ముడు తెచ్చిన చీర, పాణం లెక్క దాచుకున్న చీర, ముడేసి ఇస్తివి. నేను బొంతనిచ్చిన పాపిష్టిదాన్ని. నన్ను మాఫ్ చేస్తివి" అని ఏడుస్తోంది.

నాయనమ్మ కిందకు చూడలేదు. నన్నే చూస్తోంది. అంతసేపు నన్ను ఎవరూ అట్లా చూడలేదు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. నేను తల వంచుకుని కుచ్చులు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాను.

"లే పిల్లా, లే" అంది చివరికి, అమ్మతో. నెల దాటాక అన్న మొదటి మాట. "నా మనుమరాలికి గాకపోతే ఎవరికిస్త? లే, పండుగ పూట ఏడుస్తరా ఎవరన్న."

ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. కలిసి పప్పు రుబ్బారు, కలిసి నవ్వారు, బాపు మీద కలిసి చాడీలు చెప్పుకున్నారు. నా అబద్ధంతో ఇల్లు బాగుపడిందని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాయనమ్మ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. పండుగైన మూడో నాడు మాత్రం తల దువ్వుతూ, "ఆ చీరల ముక్కలేమన్న మిగిలినయా బిడ్డా?" అంది మెల్లగా. చూస్తానని షెడ్డుకు పరుగెత్తాను. అమ్మ పీలికలన్నీ అక్కడే ఇచ్చింది కదా. ఒక మూల డబ్బా మీద వంకాయ రంగు ముక్క కనబడింది. అరచేయంత. ఎర్ర రంగూ వార్నీషూ పట్టి అట్ట కట్టింది. దాన్ని తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టే ధైర్యం లేకపోయింది. ఏం మిగల్లేదని చెప్పాను. "పోనీ తియ్యి" అంది. జడ అల్లడం పూర్తిచేసింది.

మ్యాక్సీ రెండేళ్లకు పొట్టిదైంది. అమ్మ విప్పి దిండు గలీబులు కుట్టింది.

ఆ చలికాలమే నాయనమ్మ పోయింది. పొద్దున చాయ్ తాగి, గోడకు ఆనుకుని కూర్చుని, అట్లాగే. మా చుట్టాల్లో ఒక పెద్దామె స్నానం పోయించి, "పుట్టింటి చీరేది? తెండ్రి" అంది. అమ్మ ఏడుపు మధ్యలో చెప్పింది, "లేదు పెద్దమ్మా. ఉన్న ఒక్కదాన్ని మనుమరాలికి ఇచ్చుకున్నది. తన చేత్తోనే ముడేసి ఇచ్చింది."

అక్కడున్న ఆడవాళ్లందరూ నోరు నొక్కుకున్నారు. ఎంత దొడ్డ మనసు, ఎంత పాణం మనుమరాలంటే అని నా తల నిమిరారు. నేను ఆ చేతుల కింద నిలబడి ఉన్నాను. నాకు పదిహేనేళ్లు. నోరుంది. నేనే తీశాను అనడానికి రెండు మాటలు చాలు.

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. ముందటి దసరాకు అమ్మమ్మ పెట్టిన తన కొత్త చీర తెచ్చింది. పెద్దామె అడ్డం పడింది. "కోడలి పుట్టింటి చీర పనికిరాదే."

"పనికొస్తది" అంది అమ్మ. "ఆమె తనది నా బిడ్డకిచ్చింది. నాది ఆమెకిస్త." మడత విప్పి తానే కప్పింది. అమ్మమ్మ కూడా ఆ ఏడాదే పోయింది. అమ్మకు పుట్టింటి నుంచి ఆ తర్వాత ఏ చీరా రాలేదు.

ఇదంతా నేను మోస్తూ వచ్చాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, బాపు పోయాడు. అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. కళ్లు సరిగా కనబడక కుట్టడం మానేసింది. రోజంతా కబుర్లే. ఆ కబుర్లలో రోజుకొకసారైనా నాయనమ్మ వచ్చేది. "నోరు జర గట్టిది గని, మనసు బంగారం. నా అసువంటి దాన్ని మాఫ్ చేసింది" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లేదాన్ని.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేక చెప్పేశాను. పెట్టె తెరవడం, ముడేయడం, వాకిట్లో నిలబడి ఏమీ అడగకుండానే తిరిగి రావడం, అంతా. చెబుతూ ఏడ్చాను. అమ్మ తల మీద చెయ్యి పెట్టి పోనీలే అంటుందని నా ఆశ. యాభై ఏళ్లు దగ్గరపడిన మనిషిని, ఇంకా ఆ ఆశే.

అమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"గట్లయితే ఆమె నాకు ఇయ్యలేదన్నట్టు" అంది.

"అమ్మా..."

"బొంత ముచ్చటల నన్ను మాఫ్ చేసిందనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకుంట బతికిన."

"చేసింది అమ్మా! చెయ్యకుంటే ఆ రోజు నిన్ను తిట్టకపోయేదా? అంత జూసి కూడ ఊకున్నది గద. కడదాక మంచిగనే ఉన్నది గద నీతోని."

అమ్మ నా వైపు తిరిగింది. కోపంగా కాదు. నాకు తెలియని విషయం నాకు నేర్పుతున్నట్టు చెప్పింది. "ఊకున్నది నీ కోసం బిడ్డా. నా కోసం గాదు. నేనైతే ఆమె బొంతనూ అమ్మిన, ఆమె చీరనూ కోసిన."

బరువు దించుకుందామని చెప్పాను నేను. దించి, చూపు ఆనని ఆ ముసలితల్లి ఒళ్లో పెట్టాను. చెప్పాల్సిన రోజు చెప్పలేదు, చెప్పకూడని రోజు చెప్పాను. మొదటిదానికి చిన్నపిల్లననే సాకైనా ఉంది. రెండోదానికి ఏ సాకూ లేదు.

అమ్మ ఆ తర్వాత నాలుగు నెలలు ఉంది. నాతో బాగానే ఉంది. మందులు వేసుకుంది, మనవరాలికి జడలు వేసింది, కూరలో ఉప్పు గురించి మాట్లాడింది. నాయనమ్మ పేరు మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు.